వచ్చినవాళ్ళ లెక్క

ముప్పై ఏళ్ళుగా జనం నన్ను డాక్టరుగారూ అంటున్నారు, ముప్పై ఏళ్ళుగా నేను ఆ డాక్టర్ని కాదండీ అంటున్నాను. ఈ మధ్య అనడం మానేశాను. ఓపిక లేదు. పెళ్ళి భోజనాల్లో పక్కనావిడ మోకాలు చూపిస్తే చూస్తాను, కాస్త బరువు తగ్గండి అంటాను. ఆ ముక్క ఎవరైనా చెప్పొచ్చు. నా పని రోగుల్ని చూడడం కాదు, లెక్కపెట్టడం. ఎవరు ఏ ఆస్పత్రికి వెళ్తున్నారు, ఎంతసేపు కాచుకుంటున్నారు, ఎక్కడ క్లినిక్ పెడితే ఎక్కువమందికి మేలు, ఎక్కడ తీసేస్తే తక్కువమందికి నష్టం, ఇవన్నీ తేల్చిచెప్పే చదువు నాది. ఆరోగ్య ఆర్థికశాస్త్రం అని దానికో పెద్ద పేరుంది. మా అక్క మాత్రం ఎవరడిగినా "ఏందో ఆస్పత్రి లెక్కలు రాస్తాదిలే" అంటుంది. నా ఉద్యోగాన్ని అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

వేలూరులో ఒక కాలేజీలో ప్రొఫెసర్ని. ఇల్లు సత్తువాచారిలో. ఇంకో ఏడాదికి రిటైర్మెంటు. పొద్దున లేస్తే నడుము పట్టేస్తుంది, సాయంత్రానికి కళ్ళు మండుతాయి, మధ్యలో మీటింగులు. మీటింగు దేనికంటే, తర్వాతి మీటింగు ఎప్పుడు పెట్టుకోవాలో తేల్చడానికి. నేను రాసిన పేపర్లు మొదటినుంచి చివరిదాకా చదివినవాళ్ళు ఇద్దరే ఉంటారని నా నమ్మకం. తిప్పి పంపిన రివ్యూయరు ఒకరు, పరీక్షకోసం తప్పక చదివిన విద్యార్థి ఒకరు. ఇది ఏడుపు కాదు, అలవాటైన విసుగు. ఈ విసుగులో ఉన్నప్పుడే నేను ఆ తప్పు చేశాను కాబట్టి ముందే చెబుతున్నాను. సాకుగా చెప్పడం లేదు.

ఒక ధర్మసంస్థ వాళ్ళు పొన్నై వైపు నుంచి గుడియాత్తం దాకా ఆరుచోట్ల వారానికొకరోజు క్లినిక్ నడుపుతున్నారు. ఒక గది, ఒక నర్సు, బీపీ మిషను, షుగరు మిషను, మాత్రల బీరువా. నెలకొకసారి డాక్టరు వస్తాడు. ఆరూ నడపడం కష్టంగా ఉంది, రెండు మూసెయ్యాలి, ఏ రెండో మీరు చెప్పండి అని మా డిపార్టుమెంటుకు వచ్చారు. ఇలాంటి పని నాకు కొట్టినపిండి.

మూడు నెలలపాటు ప్రతి క్లినిక్ గుమ్మం దగ్గరా ఒక మనిషిని కూర్చోబెట్టాం. లోపలికి వచ్చిన ప్రతి రోగికీ ఫారంలో ఒక గీత. చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళి కూడా అడిగించాం, గత నెలలో మీరు క్లినిక్‌కు వెళ్ళారా అని. ఐదుచోట్ల బెంచీలు చాలడం లేదు. ఆరోది గుడియాత్తంలో బీడీలు చుట్టేవాళ్ళ వీధి పక్కన. అక్కడ బుధవారం బుధవారం ముగ్గురు, నలుగురు, ఒక్కోసారి ఇద్దరే. ఇళ్ళల్లో అడిగితే, "లేదమ్మా, యాడ పొయ్యేది, పని ఉండాది కదా" అన్నారట. ఇంక ఆలోచించడానికేముంది?

మా స్టాటిస్టిక్స్ మాస్టారు మెల్లగా మాట్లాడే మనిషి. ఒకరోజు కాగితాలు పట్టుకుని నా గదికి వచ్చారు.

"మేడం, ఆ బీడీ వీధి క్లినిక్‌లో ఏదో తిరకాసుంది. మనుషులు చూస్తే ముగ్గురు. బీపీ మాత్రలు చూస్తే వీధి వీధంతటికీ సరిపడా ఖర్చవుతున్నాయి."

"వాళ్ళు స్టాకు రిజిస్టరు ఏనాడు సరిగ్గా రాశారు గనక?" అన్నాను. "ఆ కాలమ్ తీసెయ్యండి. పేజీ అందంగా ఉంటుంది."

ఆయన సరే మేడం అని వెళ్ళిపోయారు. నిజంగా ఆ మాటే అన్నాను, పేజీ అందంగా ఉంటుందని. తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. మూసెయ్యదగ్గ రెండింటిలో మొదటిది బీడీ వీధి క్లినిక్ అని రిపోర్టు రాసి, సంతకం పెట్టి పంపేశాను. తుది నిర్ణయానికి నెల తర్వాత మీటింగు పెట్టుకున్నారు.

ఆ నెలలోపల మూతపడబోయే చోటికి వెళ్ళి, ఇలా రాశామని అక్కడివాళ్ళకు చెప్పి రావడం ఒక మర్యాద. చాలామంది ఈమెయిలుతో సరిపెడతారు. నాకు ఈ ఒక్క చాదస్తం మిగిలింది. ఒక బుధవారం కాట్పాడిమీదుగా వెళ్ళే బస్సెక్కి గుడియాత్తం వెళ్ళాను. ఎండకు బస్సు కమ్మీలు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. దారిపొడుగునా ఎవర్నో తిట్టుకుంటూ కూర్చున్నాను. ఎవర్నో ఇప్పుడు గుర్తులేదు.

నర్సు యాభైకి దగ్గరపడిన మనిషి. పదేళ్ళకు పైగా ఆ గదిలోనే పనిచేస్తోంది. ఆమెదీ తెలుగు ఇల్లే. నన్ను చూసి కుర్చీ తుడిచి వేసింది, మంచినీళ్ళిచ్చింది. ఎలా మొదలుపెట్టాలా అని నేను నీళ్ళు నములుతుండగా ఒక పెద్దావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. చేతిలో వైరు బుట్ట. క్లినిక్‌లో పేరు రాయించుకున్న ప్రతి రోగికీ బీపీ రాసుకోవడానికి ఒక చిన్న నోటుబుక్కు ఇస్తారు. బుట్టనిండా అవే, రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కట్టలుగా. బల్లమీద బోర్లించింది.

"ఈ వారం ఎందురుక్కా?" అంది నర్సు.

"ఇరవై ఆరు. మూలింటామె ఊర్లో లేదు. ఎదురింటామెకు కాళ్ళు వాచినాయి, డాక్టరు వచ్చే దినం తప్పకుండా రావల్లని చెప్పినా."

నర్సు ఒక్కో నోటుబుక్కు తెరిచి, చూసి, కాగితంలో మాత్రలు పొట్లం కట్టి, ఆ నోటుబుక్కులోనే పెట్టి బ్యాండు వేసి బుట్టలో పడేస్తోంది. ఇద్దరూ మాట్లాడకుండా, ఏళ్ళతరబడి చేసిన పని చేసినట్టు చేసుకుపోతున్నారు. మా మనిషి ఆరోజు గుమ్మంలో కూర్చుని ఉంటే ఆ పెద్దావిడకు ఒక గీత గీసి ఉండేవాడు. అతనిదేం తప్పు లేదు. మా ఫారంలో బుట్టకు గడి లేదు.

"అక్కా, ఇవన్నీ ఎవరివి?" అని అడిగాను.

"మా వీదోళ్ళవేనమ్మా. అందురూ వచ్చి ఈడ కూచుంటే ఆకు ఎండిపోదా? తడిపిన ఆకు ఆ పొద్దే చుట్టేయల్ల. అందుకని వారానికొకరం వస్తాం. నాకు కండ్లు సరిగా ఆనవు, నేను చుట్టేది తక్కువ. జాస్తిగా నేనే వస్తా."

నేను పుట్టింది అక్కడికి పక్కనున్న పల్లెలోనే. కాస్త పొలం ఉన్నా, బావి ఎండినప్పుడల్లా మా అమ్మా పిన్నీ చాట ముందు కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళు. వీధిలో ఇళ్ళన్నిటి రేషను కార్డులూ ఒకామె తీసుకుని వెళ్ళేది. వంతు ఎగ్గొట్టినామెను వారం రోజులు మాటలతో సాధించేవాళ్ళు. బళ్ళో చదువుకునే రోజుల్లో ఎన్నోసార్లు ఆ కార్డుల సంచీ మోశాను. ఊరుగాని ఊరునుంచి వచ్చిన ఏ ఆర్థికవేత్తకైనా ఈ సంగతి తెలియకపోతే క్షమించొచ్చు. నాకెలా తెలియలేదు? క్లినిక్‌కు వెళ్ళారా అని ఇంటింటా అడిగించాను, వాళ్ళు లేదని నిజమే చెప్పారు. మాత్రలు మీకు ఎట్లా వస్తున్నాయి అని ఒక్క మాట అడిగించి ఉంటే సరిపోయేది.

పెద్దావిడ వెళ్ళిపోయాక నర్సుతో ఉన్నమాట చెప్పేశాను. "సిస్టర్, ఎవరూ రావడం లేదని, ఇది మూసెయ్యొచ్చని నేనే రాసి పంపాను."

ఆమె చేతిలో మాత్రల డబ్బా మూత అలాగే ఉండిపోయింది. "మూసేస్తే వీళ్ళు యాడికి పోతారు మేడం? పెద్దాస్పత్రికి పోతే ఒక దినం పని పోతాది. పోరు. మాత్రలు మానేస్తారంతే."

"అందుకే మార్చి రాస్తాను. వీధి మొత్తం దీనిమీదే ఆధారపడి ఉందని రాస్తాను."

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. లేచి తలుపు దగ్గరగా వేసింది.

"అయ్యో, అది రాయొద్దండి. మనిషి రాకుండా, బీపీ చూడకుండా మాత్ర ఇవ్వకూడదు. రూలు. ఇట్లా ఇస్తా ఉండానని తెలిస్తే నన్ను తీసేస్తారు. అందుకే రిజిస్టర్లో వచ్చినోళ్ళ పేర్లే రాస్తా."

నాకు కాస్త కోపం కూడా వచ్చింది. "మరి బీపీ ఎవరు చూస్తున్నారు? ఊరికే మాత్రలు పంచితే ఎట్లా సిస్టర్?"

"నేనే చూస్తా ఉండా. సాయంత్రం ఇంటికి పొయ్యేటప్పుడు మిషను సంచీలో వేసుకోని ఆ వీదిలో పోతా. చాట పక్కన పెట్టి చెయ్యి చాపుతారు, రెండు నిమిషాలు. వారానికి ఆరేడుమంది లెక్కన నెలకంతా ఒక సుట్టు వస్తాది. ఎక్కువుంటే డాక్టరు వచ్చే దినం తోడుకోని వస్తా." తనే మళ్ళీ, "అదీ తప్పే మేడం. మిషను బయటికి తీసకపోకూడదు" అంది.

ఆరు క్లినిక్కుల్లో అన్నిటికంటే బాగా నడుస్తున్నది అదే. నడిపే తీరు మాత్రం మొదటినుంచి చివరిదాకా రూలుకు విరుద్ధం. మంచి సేవ ఎలా ఉండాలని నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పానో, అదే ఆమె సంచీలో వేసుకుని తిరుగుతోంది, దాన్ని ఎవరికంటా పడకుండా దాచుకుంటోంది. నేను రాయకపోతే క్లినిక్ పోతుంది. రాస్తే ఆమె పోతుంది.

మూడు రోజులు నలిగాను. బుట్ట సంగతి రాసి నర్సు సంగతి దాచొచ్చా అని చూశాను. కుదరదు. మాత్రలు ఎవరిచ్చారు అని చిన్నపిల్లాడైనా అడుగుతాడు. లెక్కలో పొరపాటు జరిగిందని ముక్తసరిగా రాసి ఊరుకుందామా అంటే, రుజువేదీ అంటారు. చివరికి నర్సుకే ఫోను చేశాను. పిరికితనమే అది, నిర్ణయం ఆమె నెత్తిన పెట్టడం. ఆ మాట ఆమెతో అన్నాను కూడా.

ఆమె వెనకాల కుక్కరు విజిలు వినిపించింది. తర్వాత, "క్లినిక్ ఉంటే నేను పోయినా ఇంకో నర్సు వస్తాది. క్లినిక్కే లేకపోతే ఎవురూ రారు. రాయండి మేడం. మిషను తీసకపోయి చూసినానని మాత్రం బాగా తెలిసేట్టు రాయండి. ఊరికే మాత్రలు పంచిందని అనుకుంటారు" అంది.

అలాగే రాశాను. మొదట నా తప్పు. స్టాటిస్టిక్స్ మాస్టారు చెప్పినా వినకుండా ఆ కాలమ్ తీయించింది నేనేనని. తర్వాత బుట్ట. తర్వాత నర్సు వీధిలో తిరిగి బీపీ చూసే పద్ధతి, ఆ పద్ధతినే రూలుగా మార్చాలని, ఆమెను మెచ్చుకోవాల్సిందే తప్ప శిక్షించకూడదని. ఇన్నేళ్ళలో నేను అంత శ్రద్ధగా రాసిన కాగితం ఇంకొకటి లేదు.

మీటింగు వేలూరులోనే జరిగింది. టీ, సమోసాలు. సంస్థ పెద్దాయన నా ఉత్తరం అందరి ముందూ చదివించాడు. "ఎంత నిజాయితీ మేడం! ఈ స్థాయికి వచ్చాక కూడా తన తప్పు తానే ఒప్పుకోవడం మామూలు విషయమా?" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు. క్లినిక్ ఉంచుతామన్నారు. వీధిలో తిరిగి బీపీ చూసే పద్ధతి చాలా బాగుంది, దానిమీద ఒక స్టడీ చేద్దాం, మీరే చెయ్యాలి అన్నారు. శాలువా మడతపెట్టుకుని ఇంటికొచ్చాను. మనసు తేలికపడిందనే చెప్పాలి.

నెల తిరక్కుండా నర్సును తీసేశారు. తెలిసిన వెంటనే పెద్దాయనకు ఫోను చేసి అరిచాను. అలా నేను ఎప్పుడూ అరవలేదు. "రూలు రూలే కదా మేడం, మీకు తెలియనిదా" అన్నాడు, ఎంతో మర్యాదగా. రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఒకటే కాగితంలో ఇద్దరి తప్పులూ ఉన్నాయి. నాది చదివి శాలువా కప్పారు, ఆమెది చదివి ఇంటికి పొమ్మన్నారు. ఆ శాలువా చూస్తే ఒళ్ళు మండేది. మా పనిమనిషికి ఇచ్చేశాను.

స్టడీ విషయం అంటారా, ఫారాలు నింపి పంపాను. అనుమతుల కమిటీ కొన్ని సందేహాలు అడిగింది. జవాబు రాశాను. వాళ్ళు ఇంకొన్ని అడిగారు. ఎండాకాలం వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాక నర్సు ఫోను చేసింది. కాట్పాడిలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో చేరిందట. నేను క్షమాపణ మొదలుపెట్టబోతే అడ్డుకుంది. "అదంతా వదిలేయండి మేడం. ఆ వీదోళ్ళు ఎట్లుండారు?"

నా దగ్గర నెలవారీ రిపోర్టులున్నాయి. కంప్యూటర్లో తెరిచి చూశాను. "వారానికి ఇద్దరు ముగ్గురు వస్తున్నారు సిస్టర్."

"వచ్చినోళ్ళు సరే. రానోళ్ళు ఎట్లుండారు?"

ఆ సంగతి నా దగ్గరున్న ఏ కాగితంలోనూ లేదు.

"ఒకసారి పోయి చూసి రాండి మేడం," అంది. "నేను పోతే బాగుండదు, కొత్తామె ఏమైనా అనుకుంటాది."

మర్నాడే వెళ్ళాను. క్లినిక్‌కు కాదు, వీధిలోకి. బుట్ట తెచ్చిన పెద్దావిడ అరుగుమీద చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. గుర్తుపట్టి పక్కకు జరిగి చోటిచ్చింది.

"మీరు రాసినందుకే నర్సమ్మ పోయిందంట కదమ్మా," అంది. కోపంగా అనలేదు, వాన పడిందంట అన్నట్టు అంది.

"అవునక్కా. నావల్లే పోయింది."

"కొత్తామె కూడా మంచిదే. అయితే మనిషి వస్తేనే మాత్ర అంటాది. నోటుబుక్కులు తెస్తే తిప్పి పంపించేసింది. ఇంక ఎవరు పోతారు? ఈ వీదిలో నేనొకదాన్నే పోతా ఉండా, నాకిస్తాది."

"మరి మిగతావాళ్ళు ఏం చేస్తున్నారు?"

ఆమె అటూ ఇటూ చూసి, చాట కిందనుంచి మాత్రల అట్ట తీసింది. సగం ఖాళీ. "తల తిరగతా ఉండాదని వచ్చినోళ్ళకు ఇందులోదే ఒకటిస్తా. నేను దినం మార్చి దినం వేసుకుంటా. ఎదురింటామెకు మొన్న మూతి కాస్త పక్కకు పోయినట్టు కనిపించింది, ఆమెకు రెండిచ్చినా. ఇట్లా ఇచ్చేది తప్పా అమ్మా?"

ఎదురింటివైపు చూశాను. తలుపు వేసి ఉంది. మూతి పక్కకు పోతే అది ఏమిటో నాకు తెలుసు. పేపర్లు రాశాను దానిమీద. "తప్పక్కా," అన్నాను. "ఆమెను ఈ పొద్దే పెద్దాస్పత్రికి తీసుకుపోదాం, నేనూ వస్తాను. నువ్వు నీ మాత్రలు రోజూ వేసుకోవాలి, పంచకూడదు."

ఆమె నా మాటలు వింటున్నట్టే ఉంది. చెయ్యి మాత్రం అట్టను గబుక్కున చాట కిందికి తోసేసింది. నేను లాక్కుంటానేమోనని భయం.

"ఇది కూడా రాసేస్తారామ్మా?" అంది.

రాయనక్కా, ఒట్టు, అని చేతిలో చెయ్యి వేసి చెప్పాను. ఎదురింటామెను ఆటోలో ఎక్కించుకుని వెళ్ళాం. మనిషి బతికింది, కుడిచెయ్యి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. ఇంక ఆమె బీడీ చుట్టలేదు. ఒట్టు ప్రకారం ఆ అట్ట సంగతి నేను సంస్థకు చెప్పలేదు. చెబితే ఉన్న ఆ ఒక్క అట్టా ఆగిపోతుంది. ఇంగ్లీషులో రాయలేదు, తమిళంలోనూ రాయలేదు. ఆ వీధిలో ఇంటింటా మాట్లాడేది తెలుగే గాని, బళ్ళో నేర్పేది తమిళం కాబట్టి ఈ అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. చిత్తూరులో డిగ్రీ చదివిన మూడేళ్ళలో నేను నేర్చుకున్నాను. ఆ పెద్దావిడకు చదవడం రాదని తెలిసే ఇక్కడ రాస్తున్నాను.